కాకినాడకు కంచె కోరంగి మడ అడవి
పోటు మీద పడవ ప్రయాణం. ఆటు వేళ వేళ్ల దర్శనం

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో సుమారు 18 కిలోమీటర్ల దూరాన కోరంగి ఉంది. సెలవు రోజుల్లో జనం పిల్లాపాపలతో ఇక్కడికి వచ్చి, పడవలెక్కి మడ అడవిని చూసి వెళుతుంటారు. ఈ షికారుకు గడియారం ఒక్కటే చూసుకుంటే చాలదు. సముద్రం పోటు మీద ఉన్నదా, ఆటు మీద ఉన్నదా అని కూడా తెలుసుకోవాలి. పోటు వేళ కాలువ నిండుగా ఉండి పడవ సాఫీగా సాగుతుంది. ఆటు వేళ నీరు దిగిపోయి ఒడ్డున బురద తేలుతుంది.

గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు ఈ అడవిని అల్లుకుని కాకినాడ అఖాతంలో కలుస్తాయి. 1978లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. నీటికుక్కలకు, చేపలను వేటాడి బతికే బావురు పిల్లులకు ఇది నెలవు.

ఉప్పునీటిలో బతికే ఉపాయం

పడవలో కూర్చున్నవారికి ముందుగా కనిపించేది పచ్చదనం. అసలు విశేషం మొదళ్ల దగ్గర ఉంది. బురదలో గాలి ఆడదు కనుక నల్లమడ, తెల్లమడ చెట్ల వేళ్లు మేకులు పాతినట్లు పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. ఒంట చేరిన ఉప్పును ఆకుల ద్వారా బయటికి పంపుతాయి. పొన్న జాతిలో గింజ చెట్టునే మొలకెత్తి, మునగకాడలా వేలాడి, ఆ తరువాతే కింద పడుతుంది. తిల్ల కొమ్మను మాత్రం తుంచరాదు. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు మందగించవచ్చు.

రొయ్య పిల్లలు, మండపీతలు, చేపపిల్లలు పెరిగేది ఈ వేళ్ల నీడనే. తీరంలోని మత్స్యకారుల వల నిండాలంటే ఇక్కడ చెట్టు నిలవాలి.

ఉప్పెన నేర్పిన పాఠం

కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. ఓడలు కట్టేవారు. బర్మాకు రాకపోకలు సాగేవి. అక్కడి తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు రావడం ఈ ఊరి వల్లనే. 1789, 1839 సంవత్సరాల తుఫానులతో ఆ వైభవం అంతరించింది. 1996 నవంబరు 6 రాత్రి మరో తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటి కోనసీమను అతలాకుతలం చేసింది.

తుఫానును చెట్లు ఆపలేవు. కాని అల్లుకున్న వేళ్లు, దట్టమైన కొమ్మలు అలల జోరును తగ్గిస్తాయి. ఒడ్డు కోసుకుపోకుండా మట్టిని పట్టి ఉంచుతాయి. ఇంత మేలు చేసే చెట్టుకు ఊరి అంచునే ముప్పు వచ్చింది. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద ఇళ్ల స్థలాల కోసం మడచెట్లు తొలగించిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. నిలువనీడ లేని పేదలకు ఇల్లు కావలసిందే. అయితే ఉప్పెనకు అడ్డు నిలిచే చెట్టును కొట్టి అక్కడే ఇల్లు కడితే, రేపు ముంపు పాలయ్యేదీ ఆ పేదలే.

పోటు వేళ పడవలో తిరిగి వచ్చినవారు వెంటనే ఇంటిదారి పట్టకుండా, నీరు దిగేదాకా ఆగితే మంచిది. ఒడ్డున నిలబడి చూస్తే బురదలో బారులు తీరిన వేళ్లు కనబడతాయి. కాకినాడను కాస్తున్న కంచె అదే.