వాయిద్యమే పేరైన కథకులు

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. దాన్ని పట్టుకుని మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవారు ఒగ్గువాళ్లయ్యారు. ఉత్తరాంధ్రలో జముకు వాయిస్తూ చెబితే అది జముకుల కథ. శారద మీటుతూ చెబితే శారద కథ, చెప్పేవారు శారదకాండ్రు. తెలుగునాట కథకుడికి చాలాసార్లు పేరు పెట్టింది అతని చేతిలోని వాయిద్యమే.

బుర్రకథ సంగతే కాస్త చిక్కు. బుర్ర అంటే తంబురకుండే గుండ్రటి కాయ అని కొందరు, కథకుడికి తోడుండే వంతలు వాయించే డక్కీ పుర్రెలా ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు అంటారు. ఎటు తిప్పినా లెక్క వాయిద్యం దగ్గరే తేలుతుంది.

అయితే బుర్రకథకు జంగం కథ అన్న పేరూ ఉంది. శైవులైన జంగాలు ఊరూరా తిరిగి చెప్పేవారు కనుక ఆ పేరు. అంటే అక్కడ పేరు చెప్పేవారి కులానిది. 1940లలో వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలి ఈ కళను చేతిలోకి తీసుకుంది. నడుమ తంబురతో, అందెలతో కథకుడు. ఒక పక్క రాజకీయం మాట్లాడే వంత, ఇంకో పక్క నవ్వించే వంత. పురాణం చెప్పిన చోటే కూలీల కష్టాలు, నైజాం దౌర్జన్యాలు కథలయ్యాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ అనే దూదేకుల ముస్లిం బుర్రకథకు మారుపేరయ్యాడు. ఆయన పల్నాటి యుద్ధం చెబుతుంటే దాన్ని జంగం కథ అని ఎవరంటారు? కులం పేరు వెనక్కి తగ్గి, వాయిద్యం పేరు నిలబడడానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తుంది. వాయిద్యం ఎవరి చేతిలోనైనా ఇముడుతుంది కదా! 1986లో ప్రభుత్వం నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చింది.

శ్రీకాకుళంలో 1960లలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథనూ అలాగే అక్కడి గిరిజన రైతాంగ ఉద్యమానికి వాడుకున్నాడు.

ఒగ్గు కథ దారి వేరు. అది ఎక్కువగా కురుమల చేతిలోనే ఉంది. అక్కడ కథకుడే పూజారి. రంగుల పొడులతో పట్నం వేయడం, దేవుడి పెళ్లి జరిపించడం, కథ చెప్పడం ఒకే పనిలో భాగాలు. కాబట్టి అది పూర్తిగా గుడి వాకిలి దాటలేదు, దాటలేదని తప్పు పట్టాల్సిందీ లేదు. ఆ కథను పెద్ద వేదికలకెక్కించిన చుక్క సత్తయ్యను సంగీత నాటక అకాడమీ అవార్డు వరించింది. ఆయన 2017లో కన్నుమూశారు.