కోసిన చోట సున్నా

సీ ప్రోగ్రామింగ్ భాషకు పదం అంటే ఏమిటో తెలియదు. ఆ మాటకొస్తే వాక్యమూ తెలియదు. దానికి తెలిసిందల్లా వరసగా పేర్చిన బైట్లు, వాటి చివర ఒక సున్నా. ఆ వరసనే స్ట్రింగు అంటారు; ఎక్కడ సున్నా తగిలితే అక్కడికి అది అయిపోయినట్టే. 1970ల మొదట్లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషకు రూపం దిద్దాడు. అప్పటికి అక్కడికి వచ్చిన తొలి పీడీపీ-11 యంత్రంలో మెమరీ 24 కిలోబైట్లే. అలాంటి చోట ఏ పనికైనా పొదుపే మొదటి నియమం.

స్ట్రింగును ముక్కలు చేసే స్టర్‌టోక్ ఫంక్షన్‌లో ఆ పొదుపు బుద్ధి బాగా కనిపిస్తుంది. 1989 నాటి సీ ప్రమాణంలో దానికి చోటు దక్కింది. దాని చేతికి ‘పాలు,పెరుగు,నెయ్యి’ ఇచ్చి, కామా దగ్గర విడగొట్టమన్నామనుకోండి. మొదటి కామా దొరకగానే దాన్ని చెరిపేసి అదే చోట సున్నా రాస్తుంది. ‘పాలు’ మొదలయ్యే చిరునామా మనకు ఇస్తుంది. ఎక్కడ ఆగిందో తన దగ్గరే గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి స్ట్రింగు బదులు నల్ అనే ఖాళీ చిరునామా ఇస్తే చాలు, ‘పెరుగు’ అందిస్తుంది. కొత్త మెమరీ అడగదు, ఒక్క అక్షరమూ నకలు తీయదు. కాకపోతే అసలు స్ట్రింగు మాత్రం మిగలదు. కొటేషన్ గుర్తుల మధ్య రాసిన స్థిర స్ట్రింగును దీనికిస్తే చాలా యంత్రాల్లో ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది.

అంతకన్నా పెద్ద తంటా దాని జ్ఞాపకంతోనే. గుర్తుపెట్టుకునే చోటు ఒక్కటే. పేరాను వాక్యాలుగా కోస్తూ, మధ్యలో ప్రతి వాక్యాన్నీ పదాలుగా కోయబోతే, పేరాలో ఎక్కడున్నామో మరిచిపోతుంది. అందుకే ఆ గుర్తును మన చేతిలోనే ఉంచే స్టర్‌టోక్-ఆర్‌ను యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ చేర్చింది. ఇంకో చిక్కు: పక్కపక్కనే రెండు కామాలుంటే స్టర్‌టోక్ వాటిని ఒకటిగానే చూసి, మధ్యలోని ఖాళీ గడిని మింగేస్తుంది. పట్టికలు చదివేవాళ్లకు ఇది ప్రాణాంతకం. ఒక గడి ఖాళీగా ఉంటే ఫోన్ నంబర్ వెళ్లి ఊరి పేరు గడిలో కూర్చుంటుంది. యూనిక్స్ రకాల్లో ఒకటైన 4.4 బీఎస్‌డీలో వచ్చిన స్టర్‌సెప్ ఫంక్షన్ ఈ లోటు తీర్చింది.

తెలుగు సంగతికొస్తే కథ ఇంకా రుచిగా ఉంటుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా మూడేసి బైట్లు. ‘రాముడు’ 18 బైట్లు. ఆ బైట్లలో ఏదీ స్పేసుతోనో కామాతోనో కలవదు కాబట్టి వాటి దగ్గర స్టర్‌టోక్ తెలుగునూ శుభ్రంగానే కోస్తుంది. అసలు గొడవ పద్యపాదం చివరి నిలువుగీత ‘।’ దగ్గర కోయమన్నప్పుడు మొదలవుతుంది. అదీ మూడు బైట్లే. స్టర్‌టోక్ ఆ మూడింటినీ ఒక గుర్తుగా చూడదు, మూడు వేర్వేరు కోతగుర్తులుగా చూస్తుంది. అందులో మొదటి బైటు, హెక్సాడెసిమల్‌లో రాస్తే, E0. ప్రతి తెలుగు అక్షరమూ దానితోనే మొదలవుతుంది! పద్యం మొత్తం తునాతునకలు. ఇలాంటప్పుడు నిలువుగీతను మూడు బైట్లతో కలిపి వెతికే స్టర్‌స్టర్ ఫంక్షన్‌ను వాడుకుని, కోత మనమే కోసుకోవాలి.