వడ్ల కొనుగోలు: అపోహలు – వాస్తవాలు

కోతలు మొదలైతే కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో కొనుగోలు కేంద్రాల ముందు వడ్ల కుప్పలు లేస్తాయి. కాంటా ఆగిందంటే కోపమంతా కేంద్రం నడిపే మహిళా సంఘం మీద పడుతుంది. రైతు కోపం న్యాయమైనదే. కానీ అడగాల్సింది వేరే వాళ్లను.

అపోహ: వడ్లు కొనేది సంఘమే, డబ్బులు ఇవ్వాల్సిందీ సంఘమే.
వాస్తవం: కొనేది రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ. ఐకేపీ సంఘాలు, సహకార సంఘాలు దాని తరఫున కమీషన్ మీద పనిచేస్తాయి. బస్తాలు మిల్లులో దిగి, ఆ వివరం ఆన్‌లైన్‌లో ఎక్కాకే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది.

అపోహ: కొనుగోలు ప్రణాళిక కోతలప్పుడు వేస్తారు.
వాస్తవం: అది పంట నమోదుతోనే మొదలవుతుంది. ఎన్ని ఎకరాల్లో వరి వేశారో తెలిస్తేనే ఎన్ని సంచులు, ఎన్ని లారీలు కావాలో తేలుతుంది. కొత్త జనపనార సంచులకు కోల్‌కతాలోని జూట్ కమిషనర్ ద్వారా ముందే ఇండెంట్ పెట్టాలి. నమోదు తప్పితే ఆ లెక్కలన్నీ తప్పుతాయి.

అపోహ: లారీలు రాకపోవడానికి కారణం కాంట్రాక్టరే.
వాస్తవం: కొన్నిసార్లు అంతే. చాలాసార్లు మాత్రం మిల్లులో చోటుండదు. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యం మిల్లరు తిరిగి ఇవ్వాలి. పాత సీజను బియ్యం గోదాములకు కదలకపోతే కొత్త వడ్లు దించే జాగా దొరకదు. లారీలు మిల్లు ముందు బారులు తీరితే ఇక్కడ కాంటా ఆగుతుంది.

అపోహ: 17 శాతం తేమ నిబంధన కొనుగోలు కేంద్రం సిబ్బంది పెట్టింది.
వాస్తవం: అది భారత ప్రభుత్వ నాణ్యతా ప్రమాణం. తేమ ఎక్కువుంటే వడ్లు వేడెక్కి రంగు మారతాయి. అందుకే కొనుగోలు కేంద్రంలో తేమ మీటర్, టార్పాలిన్లు, తూర్పారపట్టే యంత్రం ఉండి తీరాలి.

అపోహ: తరుగు తీయడం మామూలే.
వాస్తవం: ప్రమాణాలకు సరిపోయిన వడ్లకు సంచి బరువు పోను మిగతాదంతా రైతు లెక్కలోకే రావాలి. 2025-26లో క్వింటాలు మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. బస్తాకు కిలో కోసినా అది రైతు కష్టాన్ని కోసినట్టే.

కాబట్టి కోతలకు ముందే అధికారులను అడుగుదాం: సంచులు ఎన్ని వచ్చాయి? లారీలు ఎన్ని? మిల్లుల్లో జాగా ఎంత? కాంటా చీటీ, మిల్లు దిగుమతి లెక్క సరిచూసుకుందాం. తేడా ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం.