ఒమాన్ కొండల ఇనుప టోపీలు

ఒమాన్‌లో సొహార్ పట్టణానికి పశ్చిమాన, హజర్ పర్వతాల పాదభాగంలోని లసైల్ పరిసరాలలో నల్లని శిలల నడుమ అక్కడక్కడ ఎర్రని, పసుపు వన్నెగల దిబ్బలు కనిపిస్తాయి. బళ్లారి, ఓబుళాపురం కొండలను ఎరిగిన తెలుగువారికి అవి ఇనుప ఖనిజపు గుట్టలుగా తోచడం సహజం. కాని సొహార్ రేవులో వాలే సంస్థ 2011లో ప్రారంభించిన గుళికల కర్మాగారానికి ఇనుప ఖనిజం బ్రెజిల్ నుండి ఓడలలో వచ్చింది. చెంతనే ఎర్రకొండలుండగా సముద్రాలు దాటి రాయి ఎందుకు రావలసి వచ్చింది?

సమాధానం ఆ శిలల పుట్టుకలో ఉన్నది. బళ్లారి ప్రాంతపు ఖనిజం 250 కోట్ల సంవత్సరాలకు పూర్వమే సముద్రజలంలో కరిగి ఉన్న ఇనుము పొరలు పొరలుగా అడుగున పేరుకొనగా ఏర్పడినది. ఒమాన్ కొండలు అంత ప్రాచీనమైనవి కావు. సుమారు 9.5 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో రూపొందిన భూపటలం, భూఫలకాల ఒత్తిడికి అరేబియా ఖండపు అంచుపైకి ఎక్కి కూర్చున్నది. దీనినే సమాయిల్ ఓఫియోలైట్ అంటారు. ఆ సముద్రపుటడుగున వేడినీటి ఊటలు లోహాలను మోసుకొని వచ్చి, చల్లని నీటిని తాకగానే వాటిని గంధక సమ్మేళనాలుగా విడిచాయి. వానిలో ముఖ్యమైనవి ఇనుము, గంధకం కలిసిన పైరైట్, ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికంగా పేరొందిన చాల్కోపైరైట్.

నేలపైకి వచ్చిన పైరైట్‌కు గాలిలోని ఆక్సిజన్, వాననీరు సోకగానే రసాయనిక చర్య మొదలవుతుంది. గంధకం గంధకికామ్లంగా మారి కొట్టుకొనిపోతుంది. ఆ ఆమ్లంలో రాగి కూడ కరిగి క్రిందికి దిగుతుంది. ఇనుము మాత్రం తుప్పువంటి గోథైట్‌గా, హెమటైట్‌గా పైన మిగులుతుంది. ఈ ఎర్రని కప్పునే భూగర్భ శాస్త్రజ్ఞులు 'ఇనుప టోపీ' అంటారు.

శుద్ధమైన హెమటైట్‌లో నూటికి 70 పాళ్లు ఇనుమే. అయినా ఈ టోపీలు పలుచనివి, చిన్నవి. వానిలో సిలికా, బంకమట్టి, మిగిలిపోయిన గంధకం కలిసి ఉంటాయి. గంధకం చేరిన ఉక్కు వేడిమీద పెళుసుబారుతుంది. కనుక ఉక్కు కర్మాగారాలకు ఇవి పనికిరావు.

అయితే ఈ టోపీ విలువ తనలో లేదు, తన క్రింద ఉన్నది. అడుగున రాగి ఉండవచ్చునని సూచించే గుర్తు అది. మెసొపొటేమియా మట్టి పలకలలో రాగికి ప్రసిద్ధి చెందిన 'మగన్' దేశం ఒమాన్ ప్రాంతమేనని పండితుల అభిప్రాయం. ఎర్రని టోపీలు, ప్రాచీనుల కొలుముల చిట్టెపు గుట్టలు ఆధునిక అన్వేషకులకు దారి చూపాయి. 1983 నుండి సొహార్‌లో మళ్లీ రాగి తయారయింది. లసైల్ గని 1994లో మూతపడింది.

ఆ దశాబ్దంలో ఖనిజాన్ని శుద్ధిచేయడానికి మంచినీటి కొరత వలన సముద్రపు నీటిని వాడారు. ఆ ఉప్పునీటితో కూడిన పొడి వ్యర్థాలను అడుగున పూత లేని మడుగులో నింపగా, ఉప్పు భూమిలోకి ఇంకి దిగువనున్న వాదీ సూఖ్ భూగర్భజలాన్ని కలుషితం చేసింది. వర్షం అరుదైన దేశంలో బావినీరు చెడితే ఖర్జూరపు తోట నిలువదు. పైగా ఆ వ్యర్థాలలోని పైరైట్‌కు గాలి, నీరు తగిలితే, కొండపై యుగయుగాలుగా సాగిన చర్యే మరింత వేగంగా సాగగలదు. పొడిచేసిన రాయికి గాలి సోకే ఉపరితలం ఎన్నో రెట్లు పెరగడమే ఇందుకు కారణం.

లోహం ఎక్కడున్నదో చెప్పిన ఆ ఎర్రరంగే, త్రవ్విన తరువాత మిగిలిన రాతిని గాలికీ నీటికీ వదలరాదనే హెచ్చరికను కూడ తెలుపుతున్నది.