కబురు వెళ్ళింది, జవాబు వచ్చిందా?

ప్రతి సంచికలోనూ పచ్చిమేత గురించో, గాలికుంటు టీకాల గురించో, దూడల పెంపకం గురించో రాస్తూ వచ్చాము. ఈసారి కబురు గురించి రాయదలిచాము. పాల సంఘానికీ కబురుకూ సంబంధమేమిటని మీకు తోచవచ్చు. ముందుగా జరిగిన సంగతి ఒకటి చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాము.

ఒక వేసవిలో పాల వ్యాను వేళను ముప్పావు గంట ముందుకు జరిపాము. ఎండ ముదరక ముందే పాలు శీతల కేంద్రానికి చేరాలన్నది మా ఉద్దేశం. సంఘాలకు సర్క్యులరు పంపాము. కార్యదర్శులు దానిని నోటీసు బోర్డు మీద అంటించారు. ఫోన్లున్న సభ్యులకు సందేశం కూడా వెళ్ళింది. "సభ్యులందరికీ తెలియజేయడమైనది" అని మా ఫైలులో రాసుకున్నాము.

వారం తరువాత ఒక ఊరికి వెళ్ళగా, చెరువు కట్ట కింది వాడలో ఎనిమిది ఇళ్ళవారు పాలు పోయడం మానేశారని తెలిసింది. ఆ వాడలో ఒక్క గేదె మీద బ్రతుకుతున్న ముసలమ్మ ఒకామె మూడు రోజులు పాల చెంబుతో వచ్చి, వ్యాను వెళ్ళిపోయిందని విని తిరిగి వెళ్ళిందట. ఆమెను అడిగితే, "కాగితం అంటించామంటారు. నాకు చదువు రాదని మీకు తెలియదా నాయనా? ఆ వేళకు మేము కట్ట దాటి రాగలమో లేమో ఒక్కరైనా అడిగారా?" అన్నది.

మేము ఏమీ చెప్పలేకపోయాము. తప్పు ఆ సంఘానిది కాదు, మాది. ఆమె మాట మనసులో ఉంచుకుని, మనిషి కబురు పంపడం ఎలా నేర్చుకున్నాడో ఆ చరిత్రను ఒకసారి తిరగేశాము. అందులో మనకు పనికివచ్చే సంగతి ఒకటి కనిపించింది. కబురు పంపే సాధనాలు ఎన్నో వచ్చాయి. జవాబు తెచ్చే ఏర్పాట్లు మాత్రం చాలా తక్కువ.

మట్టి పలకల మీద నెయ్యి లెక్క

నేటి ఇరాక్ దేశపు దక్షిణ భాగంలో ఉరుక్ అనే నగరం ఉండేది. క్రీ.పూ. 3200 ప్రాంతంలో అక్కడివారు తడి మట్టి పలకల మీద పుల్లతో గుర్తులు గీశారు. మనకు దొరికిన అతి పాత రాతలలో ఇవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కథలూ కావు, స్తోత్రాలూ కావు. ధాన్యం ఎంత, గొర్రెలు ఎన్ని, కూలివానికి ఇచ్చినది ఎంత అనే లెక్కలు. ఆ ప్రాంతంలోనే సుమారు వెయ్యేళ్ళ తరువాతి పలకలలో, పశువుల కాపరులు ఒక్కొక్క ఆవుకు ఏడాదికి ఇంత నెయ్యి, ఇంత జున్ను చెల్లించాలన్న లెక్కలు కూడా ఉన్నాయి. అంటే పాల లెక్కల పుస్తకానికి నాలుగు వేల ఏళ్ళ వయసున్నదన్నమాట! అయితే ఆ లెక్క రాసినవాడు దొరగారి లేఖకుడు. పశువును మేపినవానికి అక్షరం రాదు. పలక మీద ఏమున్నదో లేఖకుడు చెప్పినదే అతనికి వేదం.

బండ మీద రాత, ఊరిలో భేరి

మన దగ్గరకు వద్దాము. గుత్తికి సమీపంలోని ఎర్రగుడి బండల మీద అశోక చక్రవర్తి క్రీ.పూ. 3వ శతాబ్దంలో ధర్మశాసనాలు చెక్కించాడు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఊళ్ళలో నూటికి ఎందరు వాటిని చదవగలిగి ఉంటారు? ఆ సంగతి చక్రవర్తికి కూడా తెలిసే ఉండాలి. అందుకే అధికారులు భేరి మోగించి జనపదాల వారికి ఈ ఆజ్ఞను వినిపించాలని ఆ శాసనంలోనే ఉన్నది. మొన్న మొన్నటి వరకు మన గ్రామాలలో తలారి డప్పు కొట్టి వేసిన చాటింపునకు ఇది తాత వంటిది.

రాతను నోటితో చెప్పించడం గొప్ప తెలివే. చదువు రానివానికి కూడా కబురు అందింది. కాని డప్పు ఒకవైపే మోగుతుంది. చాటింపు విన్న రైతు తన కష్టం ఎవరితో చెప్పుకోవాలి? తలారి అప్పటికే పక్క వీధిలోకి వెళ్ళిపోయి ఉంటాడు.

తపాలా వచ్చింది

1854లో మన దేశమంతటికీ ఒకే తపాలా బిళ్ళల పద్ధతి వచ్చింది. అంతకు ముందు దూరాన్ని బట్టి రుసుము ఉండేది. ఆ తరువాత తేలికపాటి ఉత్తరం పక్క ఊరికైనా, కలకత్తాకైనా అర్ధణాకే వెళ్ళింది. 1879లో పావు అణాకు పోస్టుకార్డు వచ్చింది. ఇక పేదవాడు కూడా కబురు పంపగలిగాడు, జవాబు అందుకోగలిగాడు. చదువు రానివారికి పోస్టుమానే ఉత్తరం చదివి వినిపించి, జవాబు కూడా రాసిపెట్టేవాడు.

1880లో మనియార్డరు మొదలయింది. దానిలోని ఒక ఏర్పాటును మన సంఘాలు గమనించాలి. డబ్బు పుచ్చుకున్నవారు సంతకం చేసినదో, వేలిముద్ర వేసినదో ఒక రసీదు ముక్క తిరిగి పంపినవారి చేతికి వచ్చేది. పట్నంలో ఉన్న కొడుకు ఆ ముక్క మీద తల్లి వేలిముద్ర చూసుకుని నిశ్చింతగా నిద్రపోయేవాడు. డబ్బు పంపినంత మాత్రాన అందినట్లు కాదు, అందిందని తెలిసినప్పుడే పని పూర్తి అయినట్లు. ఆ చిన్న ముక్క చెప్పే నీతి ఇదే.

తంతి, టెలిఫోను

కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వరకు మొదటి తంతి తీగను 1850లో వేయడం మొదలుపెట్టారు. గుర్రం రోజుల తరబడి మోసే కబురు నిమిషాలలో చేరసాగింది. కాని మాటకు ఇంత అని రుసుము. అందుచేత పల్లెలో తంతి అంటే చావు కబురే అన్న భయం స్థిరపడిపోయింది. తంతివాడు వీధిలో కనబడితే, చదవక ముందే ఏడ్పులు మొదలయ్యేవి. ఆ టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసింది.

గ్రాహంబెల్ 1876లో టెలిఫోనుకు హక్కులు పొందగా, 1882లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్ఛేంజీలు తెరిచారు. మాట, మారుమాట ఒకే తీగ మీద నడిచాయి. అయితే పల్లెటూరికి ఆ సౌకర్యం చేరడానికి వందేళ్ళు పట్టింది. ట్రంకు కాలు బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద పొద్దంతా కూర్చున్న రోజులు మన పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

రేడియోకు ప్రశ్నలు వేసిన రైతులు

బొంబాయిలో 1927లో రేడియో కేంద్రం ప్రారంభమయింది. రేడియోకు చదువుతో పని లేదు, తీగతో పని లేదు. కాని ఇదీ డప్పు వంటిదే, ఒకవైపే పలుకుతుంది. ఈ లోటు తీర్చడానికి 1956లో పూనా పరిసర జిల్లాలలో, సుమారు 150 గ్రామాలలో ఒక ప్రయత్నం జరిగింది. రైతులు ఒకచోట కూడి కార్యక్రమం విని, దాని మీద చర్చించి, తమ ప్రశ్నలను రేడియో వారికి పంపేవారు. విని ఊరుకున్నవారికంటే కూడి చర్చించినవారే ఎక్కువ నేర్చుకున్నారని తేలింది.

ఆ తరువాతి ప్రయత్నం మన పాల సంఘాలకు దగ్గరి చుట్టం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో దాదాపు 2400 గ్రామాలకు టెలివిజను కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. అదే కాలంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో, పిజ్ అనే గ్రామం నుంచి ఒక చిన్న ప్రసార కేంద్రం పనిచేసింది. ఖేడా అంటే ఆనంద్ పాల సహకారోద్యమం పుట్టిన జిల్లా. టెలివిజను పెట్టెలను సామూహిక స్థలాలలో ఉంచి, సాయంత్రం ఊరంతా కూర్చుని చూసేవారు. అక్కడి విశేషం పెట్టెలో లేదు. గ్రామస్థులే కార్యక్రమాలలో పాల్గొన్నారు, తమ బాధలు తామే చెప్పుకున్నారు. కార్యక్రమాలు తయారు చేసేవారు ఊళ్ళకు వెళ్ళి, ఏమి కావాలో, ఏమి నచ్చలేదో అడిగి తెలుసుకున్నారు. 1984లో ఈ ప్రయత్నానికి యునెస్కో బహుమతి లభించింది.

చేతిలో ఫోను, నోటిలో మాట

మన దేశంలో మొదటి మొబైల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఇప్పుడు పాలు పోసిన వెంటనే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఫోనుకే వచ్చే సంఘాలు ఉన్నాయి. సంతోషమే. కాని ఆ ఫోను చాలా ఇళ్ళలో కొడుకు జేబులో ఉంటుంది. పాలు పితికి తెచ్చేది తల్లి. సందేశం ఇంటికి చేరింది, మనిషికి చేరలేదు. మట్టి పలక ముందు నిలబడిన కాపరికీ, ఈ తల్లికీ భేదం ఎంత?

కనుక ఫెడరేషను తరఫున సంఘాలకు మా విజ్ఞప్తి ఇది. పాల కేంద్రాన్ని మించిన కబురు కేంద్రం ఊరిలో మరొకటి లేదు. పాలు పోసే ప్రతి ఇంటివారూ పూటపూటకూ మన గుమ్మంలోకి వస్తారు. ధరలో గాని, వేళలో గాని, బోనసులో గాని మార్పు ఉన్నప్పుడు, బోర్డు మీద అంటించడంతో ఆగక, పాలు పోసే వేళ ఒక్కొక్కరికీ నోటితో చెప్పండి. చెప్పి, "మీకు వీలవుతుందా?" అని అడగండి. వచ్చిన జవాబును తేదీ వేసి ఒక పుస్తకంలో రాయండి. రసీదు ఇచ్చేటప్పుడు అందులోని అంకెలు చదివి వినిపించండి. దూరపు వాడలకు ఒక్కొక్క మహిళా సభ్యురాలిని కబురుకు బాధ్యురాలిగా పెట్టుకోండి. నెలకొకసారి ఆ పుస్తకాన్ని పాలకవర్గం ముందు ఉంచి, ఏ జవాబుకు ఏమి చేశారో ఎదురుగా రాయండి.

చెరువు కట్ట కింది వాడ సంగతి ఏమయిందని మీరు అడుగుతారు. ఆ ముసలమ్మ జవాబు మా చెవిన పడిన తరువాత విచారించగా, వ్యాను వచ్చే దారి కట్ట మలుపు మీదుగానే ఉన్నదని తేలింది. అక్కడ ఐదు నిమిషాలు ఆపితే చాలు. ఇప్పుడు ఆపుతున్నాము. ఎనిమిది ఇళ్ళలో ఆరు ఇళ్ళవారు తిరిగి పాలు పోస్తున్నారు. మిగిలిన రెండు ఇళ్ళవారు ఆ వారంలోనే గేదెలను అమ్ముకున్నారు. మేము ముందే అడిగి ఉంటే ఆ రెండు గేదెలు ఆ కొట్టాలలోనే ఉండేవి.

ఈ వ్యాసం కూడా మేము పంపిన కబురే. చదివినవారు చదవలేనివారికి వినిపించి, వారేమన్నారో మాకు రాయవలసిందిగా కోరుతున్నాము. కార్డు ముక్క రాసినా సరే, వ్యాను డ్రైవరు చేతికి చీటీ ఇచ్చి పంపినా సరే. వచ్చిన జవాబులను ఇదే పత్రికలో ప్రచురిస్తాము.