నిర్మాణ సంస్థల కంప్యూటర్ లెక్కలు: అరువిచ్చే ముందు చూడవలసినవి

మేడ్చల్ (మా వాణిజ్య విలేఖరి): సిమెంటు, ఇనుము, కంకర అరువుకిచ్చే వర్తకుడు ఇదివరలో బిల్డరు మాట, ఆస్తి, పాత బాకీ ఈ మూడూ చూసి సరుకు తోలేవాడు. ఇప్పుడు నాల్గవది వచ్చి చేరింది. సైటు లెక్కలు కంప్యూటరుకు ఏ మేరకు ఎక్కాయన్నది కూడా విచారించవలసి వస్తోంది. లెక్క సకాలంలో తేలని చోట సొమ్ము సకాలంలో రాదన్నదే ఇందుకు కారణం.

ప్రభుత్వం వైపు వ్యవహారం చాలా వరకు మారిపోయింది. భూముల రికార్డుల కోసం ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న ప్రారంభించింది ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ప్లాన్ల అనుమతులకు 2020లో టీఎస్ బీపాస్, 2025లో బిల్డ్ నౌ వచ్చాయి. రూ. 50,000 దాటిన సరుకుకు ఇ-వే బిల్లు 2018 ఏప్రిల్ నుంచి, రూ. 5 కోట్ల టర్నోవరు దాటిన వ్యాపారులకు ఇ-ఇన్‌వాయిస్ 2023 ఆగస్టు నుంచి తప్పనిసరి అయ్యాయి.

అందువల్ల కాగితాల్లో సంస్థలన్నీ కంప్యూటర్ యుగంలో ఉన్నట్లే కనిపిస్తాయి. అయితే ఆడిటరు గుమాస్తా నెలకొకసారి పోర్టల్‌లో అంకెలు ఎక్కించినంత మాత్రాన సైటు మారినట్లు కాదు. ఈ వెనుకబాటు ఒక్క మన ప్రాంతానిదే కాదు. మెకిన్సీ పరిశోధన సంస్థ 2015లో అమెరికా రంగాలను పోల్చి చూడగా నిర్మాణ రంగం అట్టడుగు నుంచి రెండవ స్థానంలో నిలిచింది. దానికంటే దిగువన ఉన్నది వ్యవసాయం, వేట రంగమే.

కొలత ఒకటేనా?

మొదట చూడవలసింది కొలత. ఇనుమును వర్తకుడు కాటా తూకం మీద అమ్ముతాడు. సైటులో మేస్త్రీ చువ్వలు లెక్కపెట్టి దించుకుంటాడు. 12 మిల్లీమీటర్ల చువ్వ 12 మీటర్ల పొడవుకు లెక్క ప్రకారం సుమారు 10.66 కిలోలు తూగాలి. ఈ సైజుకు ప్రమాణాల సంస్థ 5 శాతం వరకు తేడాను అనుమతిస్తున్నది. అంటే 10 టన్నుల లోడుపై 500 కిలోల వరకు లెక్క అటూ ఇటూ కావచ్చు. సరుకులో దోషం లేకపోయినా తగాదాకు ఇది చాలు. కాటా చీటీ, చువ్వల సంఖ్య రెండూ దించిన రోజే నమోదు చేసే సంస్థతో ఈ పేచీ రాదు. ఇసుక, కంకరలను ఒక చోట లారీల్లో, మరొక చోట టన్నుల్లో రాసుకునే సంస్థ ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం స్వల్పమే.

70 శాతం ఖాతా

రెండవది, వర్తకునికి ముఖ్యమైనది, రెరా ఖాతా. 2016 నాటి ఈ చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చే సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పని ఎంత శాతం అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరిస్తేనే ఆ మేరకు సొమ్ము తీసుకోవచ్చు. సైటు కొలతలు ఆలస్యమైతే ధ్రువపత్రం, ధ్రువపత్రం ఆలస్యమైతే సొమ్ము, సొమ్ము ఆలస్యమైతే వర్తకుని బాకీ వరుసగా వెనక్కు పోతాయి. ప్రాజెక్టు వివరాలను మూడు నెలలకొకసారి రెరా పోర్టల్‌లో సవరించాలి. అవి ఎవరైనా చూడవచ్చు. రెండు త్రైమాసికాలుగా మార్పు లేని పేజీ హెచ్చరికగా భావించవచ్చు.

పన్ను తేడా

ఫ్యాక్టరీ షెడ్లు కట్టే కాంట్రాక్టర్లకు, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లకు మధ్య ఒక తేడా ఉంది. మేడ్చల్ పారిశ్రామికవాడలోను, షామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలోను షెడ్లు కట్టే కాంట్రాక్టరు తాను కొన్న సరుకుపై చెల్లించిన జీఎస్టీని తన పన్నులో మినహాయించుకోగలడు. వర్తకుని బిల్లు పోర్టల్‌లో పడకపోతే నష్టం అతనిదే. కనుక బిల్లులు సరిచూసుకుంటాడు. 2019 ఏప్రిల్ నుంచి ఇళ్ల బిల్డరుకు 5 శాతం పన్ను, చవక ఇళ్లకు 1 శాతం, మినహాయింపు లేదు. బిల్లు సరిచూసుకోవాలన్న ఆత్రుత ఆ మేరకు తగ్గింది. అయినా సరుకులో 80 శాతం రిజిస్టరైన వర్తకుల వద్దనే కొనాలన్న నిబంధన ఉంది. సంవత్సరాంతం దాకా ఆగక ఈ లెక్కను నెలనెలా తేల్చే బిల్డరును సిద్ధంగా ఉన్నవాడిగా పరిగణించవచ్చు.

రాసేది ఎవరు?

సాఫ్ట్‌వేర్ పేరు కంటే దానిలో అంకె వేసేది ఎవరన్నది ముఖ్యం. స్టోరు గుమాస్తా బస్తాలు దించిన గంటలో ఫోనులో నమోదు చేస్తే అది లెక్క. శనివారం రాత్రి ఆఫీసులో ఎవరో గుర్తున్నంత వరకు ఎక్కిస్తే అది పాత చిట్టా ఆవర్జాయే, పుస్తకం మాత్రం మారింది. సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు ఈ తేడా బయటపడింది. ఏ రేటున కొన్న బస్తాలు ఎన్ని మిగిలాయన్నది రోజువారీ లెక్క ఉన్నవారికే ఆ పూట తెలుస్తుంది.

వర్తకుని వైపు

ఎదుటివాడిని తూచే ముందు మన కాటా కూడా సరిచూసుకోవాలి. రూ. 10 కోట్లు, ఆపై టర్నోవరు గల వర్తకులు ఇన్‌వాయిస్‌ను 30 రోజుల్లోగా పోర్టల్‌కు ఎక్కించాలన్న నియమం 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. మరొక సంగతి గమనార్హం. చిన్న పరిశ్రమల బిల్లులు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించకపోతే, చెల్లించే వరకు ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో అనుమతించరన్న నిబంధన 2024-25 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి వచ్చింది. ఇది తయారీదారులకు అండగా ఉంటుంది గాని, కొని అమ్మే వర్తకునికి వర్తించదు. కనుక అతని జాగ్రత్త అతనే పడాలి.

కొత్త సంస్థను అంచనా వేయడానికి చవకైన పరీక్ష ఒకటుంది. తొలి ఆర్డరును ఒక్క లారీతో ఆపాలి. ఆ లారీ కాటా చీటీ, చలానా, బిల్లు మూడూ సరిపోలి ఆఫీసులో ఖాతాకు ఎక్కడానికి ఎన్ని రోజులు పట్టిందో చూడాలి. రెండు రోజులైతే మామూలు గడువు ఇవ్వవచ్చు. పదిహేను రోజులైతే ఆ పదిహేనూ ప్రతి బిల్లు గడువుపై అదనంగా పడతాయి. వాటి వడ్డీని ధరలో కలుపుకోవడమో, నగదుకే అమ్మడమో మేలు.