ఉచిత టిక్కెట్లు... పదేళ్ల కిస్తీలు!

అర్లాండోలో అడుగుపెట్టిన రెండో రోజే మాకు ఆ బూత్ కనిపించింది. హోటల్ లాబీలో చిన్న బల్ల, దాని మీద థీమ్ పార్కుల బొమ్మలు, వెనక నవ్వు ముఖంతో ఒక అమ్మాయి. "పిల్లాడికి పార్కు చూపించడానికి వచ్చారా? రెండు టిక్కెట్లు ఉచితంగా ఇస్తాం. రేపు పొద్దున టిఫిన్ మాతో చేయండి. 90 నిమిషాలు కూర్చుంటే చాలు" అంది. రెండు టిక్కెట్లంటే తక్కువ డబ్బా? పైగా వంద డాలర్ల గిఫ్ట్ కార్డు కూడా. టిఫిన్ తిని వచ్చేద్దాం, కొనేది ఎవరు అనుకున్నాం. కాదనలేకపోయాం.

ఆ 90 నిమిషాలు నాలుగున్నర గంటలైంది. బయటికి వచ్చేసరికి మా చేతిలో టిక్కెట్లతో పాటు బరువైన ఫైలు ఒకటి ఉంది. పదేళ్ల అప్పు మీద సంతకం పెట్టేశాం!

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇలాంటి అనుభవం ఏదో ఒక సెలవులో ఎదురయ్యే ఉంటుంది. అర్లాండో, లాస్ వెగాస్, గాట్లిన్‌బర్గ్, మిర్టిల్ బీచ్... ఎక్కడ పర్యాటకులు ఉంటే అక్కడ ఈ బల్లలు ఉంటాయి. గల్ఫ్ మాల్స్‌లో 'లక్కీ డ్రా తగిలింది, భార్యాభర్తలిద్దరూ వచ్చి బహుమతి తీసుకెళ్లండి' అని పిలిచేదీ ఇదే వరస. అందుకే మాకు జరిగింది, మేము వేసుకున్న లెక్క ఇక్కడ రాస్తున్నాం.

ఏమిటీ పాయింట్లు?

వెనకటి రోజుల్లో టైమ్‌షేర్ అంటే ఒక రిసార్టులో ఒక గది, ఏడాదికి ఒక వారం మనది. ఇప్పుడు ఎక్కువగా అమ్మేది పాయింట్లు. ఏటా కొన్ని పాయింట్లు మన ఖాతాలో పడతాయి. వాటితో ఆ కంపెనీ రిసార్టుల్లో ఎక్కడైనా గది తీసుకోవచ్చు. సీజన్ కాని రోజుల్లో తక్కువ పాయింట్లు, పిల్లల సెలవుల్లో ఎక్కువ పాయింట్లు. మన దేశంలో 1996లో మొదలైన మహీంద్రా హాలిడేస్ వాళ్ల 25 ఏళ్ల మెంబర్‌షిప్ గురించి విన్నవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

మాకు మొదట చెప్పిన ధర 38 వేల డాలర్లు. వద్దన్నాం. మేనేజర్ వచ్చాడు, 24 వేలు అన్నాడు. లేచి నిలబడ్డాం. అప్పుడు మూడో మనిషి వచ్చి, "మీలాంటి చిన్న కుటుంబానికి చిన్న ప్యాకేజీ ఉంది. 14,900 డాలర్లే. కానీ ఈ రేటు ఈ రోజుకే" అన్నాడు. 38 వేలు విన్న చెవులకు 14,900 చాలా చవగ్గా వినిపించింది. పిల్లాడు ఆకలి అంటున్నాడు. "పదేళ్ల తర్వాత అంతా ఫ్రీ. ఇండియా వెళ్లినప్పుడు గోవాలో కూడా వాడుకోవచ్చు. మీ తర్వాత మీ అబ్బాయికి వస్తుంది" అని ఊరించాడు. క్రెడిట్ కార్డు మీద 2,900 డౌన్ పేమెంట్, మిగతా 12 వేలు వాళ్లే ఇచ్చే అప్పు. సంతకాలు అయిపోయాయి. పక్క బల్లల దగ్గర చప్పట్లు కొట్టారు.

మేత మాటేమిటి?

సోమవారం షార్లెట్‌లోని ఇంటికి చేరాం. మంగళవారం రాత్రి తెనాలి దగ్గర పల్లెలో ఉన్న మా పెద్దాయనకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాం. ఆయన అంతా విని, "బాగానే ఉందిరా. ఎడ్లు కొన్నారు. మేతకు ఏడాదికి ఎంతవుతుంది?" అని ఒక్క మాట అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

బుధవారం పిల్లాడు పడుకున్నాక ఫైలు ముందేసుకుని కూర్చున్నాం. మేత పేరు మెయింటెనెన్స్ ఫీజు. మొదటి ఏడాది 780 డాలర్లు. ఏటా పెరుగుతుంది, ఎంత పెరుగుతుందో ఒప్పందంలో హద్దు లేదు. అప్పు తీరినా ఇది ఆగదు. రిసార్టుకు వెళ్లినా, వెళ్లకపోయినా కట్టాల్సిందే. అంటే 'పదేళ్ల తర్వాత ఫ్రీ' అన్న మాట అబద్ధం.

ఇక లెక్క. 12 వేల అప్పుకు వడ్డీ 14.99 శాతం, పదేళ్లు. నెలకు 193 డాలర్ల చిల్లర. పదేళ్లకు కట్టేది 23,200. డౌన్ పేమెంట్ 2,900. మెయింటెనెన్స్ ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే పదేళ్లకు 9,800. మొత్తం దాదాపు 36 వేల డాలర్లు!

దీనికి వచ్చేదేమిటి? మా పాయింట్లతో వేసవి సెలవుల్లో ఒక బెడ్‌రూమ్ గది ఏడాదికి ఐదు రాత్రులు. పదేళ్లకు 50 రాత్రులు. రాత్రికి 720 డాలర్లు పడుతోంది. అప్పు లేకుండా చేతి డబ్బు కట్టినా రాత్రికి 490 పైమాటే.

అదే రిసార్టులో అదే గది, అవే తేదీలకు మామూలు హోటల్ బుకింగ్ సైట్లలో చూశాం. పన్నులతో కలిపి రాత్రికి 210 డాలర్లు. ఐదు రాత్రులకు 1,050. ఈ అద్దె కూడా ఏటా 5 శాతం పెరుగుతుందనుకున్నా పదేళ్లకు 13,200 అవుతుంది. 13 వేలతో అయ్యే పనికి మేము 36 వేలు పెడుతున్నామన్నమాట. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే కదా!

ఇంకో సంగతి చూసి నోట మాట రాలేదు. అదే కంపెనీ పాయింట్లు, మాకిచ్చినన్నే, పాత ఓనర్లు కొన్ని వందల డాలర్లకు అమ్మకానికి పెట్టి ఉన్నారు. కొందరైతే ఒక్క డాలరుకే! మెయింటెనెన్స్ తప్పించుకుంటే చాలన్నట్టు. పొద్దున 14,900 పెట్టి కొన్నది సాయంత్రానికి ఆ ధర పలకదు. ఇది ఆస్తి ఎలా అవుతుంది?

మన సెలవులు ఎక్కడికి పోతాయి?

డాలర్ల లెక్క ఒక ఎత్తు, మన బతుకు లెక్క ఒక ఎత్తు. మాకు ఏడాదికి ఉన్నవి 15 రోజుల సెలవులు. రెండేళ్లకోసారి అవన్నీ కూడబెట్టి ఇండియా వెళ్తాం. అక్కడికెళ్లాక పెళ్లిళ్లు, పలకరింపులు, అమ్మానాన్నల ఆస్పత్రి పనులు. గోవా వెళ్లే తీరిక ఎవరికుంది? పైగా వేరే దేశంలో వాడుకోవాలంటే ఎక్స్చేంజి కంపెనీ ద్వారా వెళ్లాలి, దానికి సభ్యత్వం, మార్పిడి రుసుము వేరే. ఇండియా వెళ్లిన ఏడాది పాయింట్లు మరుసటి ఏడాదికి దాచుకోవాలంటే గడువులోగా చెప్పి ఫీజు కట్టాలి. మర్చిపోతే అవి పోయినట్టే.

అంతకన్నా పెద్ద సంగతి వీసా. మాది హెచ్-1బి. ఉద్యోగం పోతే 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. గ్రీన్‌కార్డు వరస ఎంత పొడుగో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. పదేళ్ల తర్వాత షార్లెట్‌లో ఉంటామో, హైదరాబాద్‌లో ఉంటామో తెలియని మేము పదేళ్ల కిస్తీకి, ఎప్పటికీ తీరని ఫీజుకు సంతకం పెట్టాం! కట్టడం మానేస్తే వాళ్లు వసూలుకు వస్తారు, క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు ఇల్లు కొనుక్కోవడానికి బ్యాంకుకు వెళ్తే అది ముందు నిలబడుతుంది.

పది రోజుల తలుపు

అదృష్టం ఏమిటంటే, ఫైలు చివరలో చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంది. ఫ్లోరిడా చట్టం ప్రకారం టైమ్‌షేర్ కొన్నవాళ్లు పది క్యాలెండర్ రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. సంతకం పెట్టిన రోజు, అన్ని పత్రాలూ చేతికందిన రోజు - ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అక్కడి నుంచి లెక్క. 'ఈ హక్కు వదులుకుంటున్నాను' అని మనతో రాయించుకున్నా అది చెల్లదు. కాలిఫోర్నియాలో ఈ గడువు ఏడు రోజులు, నెవాడాలో ఐదు రోజులే. మనం ఉండే రాష్ట్రం కాదు, కొన్న చోటు చట్టం చూసుకోవాలి. వెగాస్‌లో కొని ఇంటికొచ్చి వారం ఆలోచిస్తే తలుపు మూసుకుపోయినట్టే.

మేము శనివారం, అంటే ఆరో రోజున ఉత్తరం రాశాం. ఒప్పందం నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు, 'రద్దు చేసుకుంటున్నాం, డబ్బు తిరిగి ఇవ్వండి' అన్న ఒక్క వాక్యం, ఇద్దరి సంతకాలు. కారణాలేవీ రాయలేదు. ఒప్పందంలో ఇచ్చిన చిరునామాకే సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు రసీదు వచ్చేలా పంపాం. రెండు రోజులకు వాళ్ల నుంచి ఫోన్. "ఇంకా తక్కువకు ఇస్తాం, ఒక్కసారి మాట్లాడదాం" అన్నారు. వద్దన్నాం. మూడో వారంలో 2,900 కార్డులోకి తిరిగొచ్చింది. టిక్కెట్లు వెనక్కి అడగలేదు.

గడువు దాటిపోతే? అప్పుడు అసలైన జాగ్రత్త కావాలి. 'మీ టైమ్‌షేర్ అమ్మిపెడతాం, ముందు రెండు వేలు కట్టండి' అనే ఫోన్లు నమ్మవద్దు. ఈ మోసం ఎంత పెద్దదంటే, టైమ్‌షేర్ ఓనర్లను దోచిన ముఠాల వెనక మెక్సికోలోని హలిస్కో డ్రగ్స్ కార్టెల్ ఉందంటూ అమెరికా ట్రెజరీ శాఖ 2023లో ఆంక్షలు పెట్టింది. ముందు నేరుగా కంపెనీకే రాసి, వెనక్కి తీసుకుంటారేమో అడగడం మంచిది.

ఎవరికి పనికొస్తుంది?

అందరికీ దండగే అనలేం. టాంపాలో మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఉంది. సిటిజన్‌షిప్ వచ్చేసింది, ఇద్దరు పిల్లలు, ఏటా డిస్నీకి వెళ్లాల్సిందే. వాళ్లు డిస్నీ వెకేషన్ క్లబ్ పాయింట్లు పాత ఓనరు దగ్గర, అప్పు లేకుండా కొన్నారు. 1991లో మొదలైన ఈ క్లబ్‌లో సొంత రిసార్టుకైతే 11 నెలల ముందు, మిగతావాటికి 7 నెలల ముందు గది పట్టుకోవచ్చు. మొదట్లో కట్టిన చాలా రిసార్టుల ఒప్పందాలు 2042 జనవరి 31తో ముగిసిపోతాయి, అంటే ఫీజుకూ ఒక ముగింపు ఉంది. రీసేల్‌లో కొంటే కొన్ని కొత్త రిసార్టుల్లో వాడుకోలేం. అది తెలిసే కొన్నారు. ఏటా క్యాలెండర్ పెట్టుకుని వాడుతున్నారు, వాళ్లకు గిట్టుబాటు.

మాలాంటి వాళ్లకు ఇంకో దారి ఉంది. వెళ్లలేని ఓనర్లు తమ పాయింట్లు అద్దెకిస్తారు. కావలసిన ఏడాది అద్దెకు తీసుకుంటే సరి. కిస్తీ లేదు, మేత లేదు.

సంతకం చేసే ముందు...

1. ఇంటికెళ్లి ఆలోచిస్తామనండి. 'ఈ రోజుకే' అన్న రేటు రేపు కూడా ఉంటుంది.

2. మెయింటెనెన్స్ ఫీజు గత ఐదేళ్లలో ఎంత పెరిగిందో కాగితం మీద చూపించమనండి.

3. అదే గది అద్దె ఎంత, అవే పాయింట్లు రీసేల్‌లో ఎంత పలుకుతున్నాయో ఫోనులో అక్కడే చూడండి.

4. ఇండియా ప్రయాణాలు పోను మీకు మిగిలే సెలవులెన్నో లెక్క వేసుకోండి.

5. వడ్డీకి అప్పు చేసి కొనాల్సి వస్తే లేచి వచ్చేయండి.

6. సంతకం పెట్టేసి ఉంటే ఈ రాత్రే ఫైలు తీసి రద్దు గడువు ఎన్ని రోజులో చూడండి. ఫోనులో చెబితే చాలదు, ఉత్తరం పంపండి, రసీదు దాచుకోండి.

ఆ వేసవిలో మేము స్మోకీ మౌంటెన్స్ దగ్గర క్యాబిన్ అద్దెకు తీసుకుని మూడు రాత్రులు ఉండి వచ్చాం. కార్డులోకి తిరిగొచ్చిన 2,900 మాత్రం ముట్టుకోలేదు. ఆ ఏడాది సంక్రాంతికి ఇండియా టిక్కెట్లు వాటితోనే కొన్నాం. పిల్లాణ్ని చూసి మా పెద్దాయన మొదట అడిగింది, "ఎడ్లు అమ్మేశారట కదరా?" అని.